నలుపు నిలవని గది

ఆ సందు చివరి ఇంట్లో వీధి వైపు గదికి మొదట్నుంచీ మంచి పేరు లేదు.

పగలు చూస్తే అందులో ఏమీ ఉండదు. ఒక కిటికీ, ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి ఒక స్విచ్చు. రాత్రయితేనే తంటా. రెండో ఆట వదిలాక గోల గోలగా వచ్చే కుర్రకారు కూడా ఆ కిటికీ దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆపేసి, చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాళ్లట. ఎందుకంటే... ఇంటికి తాళం వేసి ఉన్నా లోపల్నుంచి చప్పుడు వచ్చేది.

కర్ర్ర్... టక్. టక్. కర్ర్ర్...

ఎవరో తీరిగ్గా కూర్చుని పని చేసుకుంటున్నట్టు. కిటికీ అద్దంలో ఒక పచ్చ చుక్క వెలిగేది, ఆరేది.

ఆ గదిలో ఒకప్పుడు టైపు తాత ఉండేవాడు. ఒంటరి మనిషి. చుట్టుపక్కల వాళ్ల అర్జీలూ దరఖాస్తులూ ఇంట్లోనే ప్రింటు తీసి ఇచ్చేవాడు. ఒకరోజు పొద్దున్నే అర్జీ తీసుకుపోదామని వచ్చిన మనిషికి తాత బల్ల మీద తల వాల్చి కనిపించాడు. ప్రింటరు ఆన్‌లోనే ఉంది. సగం బయటికి వచ్చిన కాగితం ఉంది. ఆ కాగితం మీద మాత్రం... ఒక్క అక్షరం లేదు.

ఇల్లుగలాయన తాతని సాగనంపి, ఇంటికి తాళం వేసి, ప్రింటరు సంగతే మర్చిపోయాడు. ఏడాది పాటు ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. ఆ తర్వాత క్రీమక్క దిగింది.

క్రీమక్క అంటే బేకరీలో కేకుల మీద పువ్వులూ పేర్లూ వేసే ఆవిడ. మొగుడు లారీ తోలతాడు. ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఆయన కాపురం ఎక్కువ. ఒక్కతే కూతురు, పుట్టుకతోనే వినపడదు. నోట్లోంచి మాట రాని ఆ పిల్లకి పిచ్చుక అని ఎవరు పేరు పెట్టారో గానీ, గెంతుతూ నడిచే తీరు చూస్తే సరిగ్గానే పెట్టారనిపిస్తుంది.

సామాను దించిన రోజే పక్కింటి పిన్ని వచ్చి, గుమ్మం అవతలే నిలబడి చెప్పింది.

"ఆఖరి కాగితం మీద అక్షరం పడకుండానే పోయాడమ్మాయ్ ఆయన. ఆ గదిలో నల్లగా ఏది అచ్చయినా... నిలవనివ్వడు."

"దెయ్యాలకి భయపడే తీరిక నాకెక్కడిది పిన్నీ" అని క్రీమక్క నవ్వేసింది. పైగా ప్రింటరు ఊరికే దొరికిందని సంబరపడింది. కేకుల మీద వేసే బొమ్మలకి నమూనాలు తీసుకోవచ్చు. తమ్ముడు కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. వేరే ఊళ్లో ఉంటాడు. వాడు ఫోన్లోనే చెప్పాడు. "అక్కా, దాన్ని ఆన్‌లోనే ఉంచు. వాడకపోయినా రాత్రిపూట తనంతట తనే లేచి మొహం కడుక్కుని మళ్లీ పడుకుంటుంది. ఆ మోతే మీ వీధివాళ్ల దెయ్యం."

క్రీమక్క ఊపిరి పీల్చుకుంది. నెల రోజులు అంతా బాగానే ఉంది.

తర్వాత మొదలైంది.

ముందు పేర్లు పలచబడ్డాయి. ఎరుపు ఎర్రగా, పసుపు పచ్చగా, నీలం నీలంగానే పడుతున్నాయి. ఒక్క నలుపే... రోజురోజుకీ పాలిపోతోంది. నల్ల సిరా డబ్బా చూస్తే నిండుగా ఉంది. డబ్బాలో ఉన్నది కాగితం మీదికి రావడం లేదు.

అంతకన్నా భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. రాత్రి ఆన్‌లో వదిలిన ప్రింటరు, తెల్లారి చూస్తే ఆగిపోయి ఉండేది. గోడ మీద స్విచ్చు ఆపేసి ఉండేది. వీధి తలుపుకి లోపలి గడియ వేసినది వేసినట్టే ఉండేది.

ఇక అసలు కష్టం.

పెద్దాసుపత్రిలో వినపడని పిల్లలకి చెవి లోపల మిషను పెట్టే ఆపరేషను ఉంది. ఆరేళ్లు నిండని పిల్లలకి ఖర్చంతా ఆసుపత్రిదే. పిచ్చుకకి ఎల్లుండితో ఆరు నిండుతాయి. క్రీమక్క బేకరీకి సెలవు పెట్టి, ఆరు పేజీల ఫారం ఇంట్లోనే ప్రింటు తీసి పట్టుకెళ్లింది. కౌంటర్లో మనిషి దాన్ని మిషను కింద పెట్టాడు. మిషను చదవలేదు. ఇంకోసారి పెట్టాడు. చదవలేదు.

"నలుపు లేదమ్మా ఇందులో. ఈ నల్ల గడుల బొమ్మ చదివితేనే పిల్ల పేరు జాబితాకి ఎక్కుతుంది. దీన్ని కొట్టేస్తున్నా. కొత్త ఫారం రాత్రి పదింటికి మీ ఫోనుకి వస్తుంది. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి కౌంటరు మూసేస్తాం. ఆఖరి రోజు."

"ఇక్కడే ఒక ప్రింటు తీసి ఇవ్వండి బాబూ" అని బతిమాలింది. కుదరదన్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు, వెనక నలభై మంది నిలబడి ఉన్నారు.

ప్రింటు షాపులు రాత్రి తొమ్మిదికి మూస్తారు, పొద్దున పదింటికి తీస్తారు. ఆసుపత్రికి వెళ్లే బస్సు అయిదింటికి. బేకరీలో ఉన్నది బిల్లులు కొట్టే మిషను, దాని కాగితం మూడు వేళ్ల వెడల్పు. సందంతా అడిగింది. ప్రింటరు ఉన్న ఇల్లు ఒక్కటే — తనది.

పది దాటాక ఫారం వచ్చింది. పిచ్చుకని లోపలి గదిలో పడుకోబెట్టి, క్రీమక్క వీధి గదిలోకి వెళ్లి ప్రింటు నొక్కింది.

కాగితం వచ్చింది. పైన ఆసుపత్రి గుర్తు నీలంగా మెరిసిపోతోంది. కింద... పిల్ల పేరు ఉండాల్సిన చోట బూడిద రంగు చార. నల్ల గడుల బొమ్మ అరిగిపోయిన సబ్బుబిళ్లలా ఉంది.

తమ్ముడికి ఫోను చేసింది. గుసగుసగా మాట్లాడింది. వినపడని పిల్ల నిద్రపోతుంటే గుసగుసలాడటం తల్లులకే చెల్లింది.

"అక్కా, ముందు పరీక్ష పేజీ తియ్యి."

తీసింది. మూడు రంగుల గీతలూ తిన్నగా ఉన్నాయి. నల్ల గీతలు మాత్రం పళ్లు ఊడిన దువ్వెనలా ఉన్నాయి.

"హెడ్‌లో, అంటే సిరా చిమ్మే మూతిలో, నలుపు ఎండిపోయింది. క్లీనింగ్ నొక్కు."

నొక్కింది. కర్ర్ర్... టక్. ఇంకొన్ని పళ్లు ఊడాయి. మళ్లీ నొక్కింది. ఉన్నవీ పోయాయి.

"ఇక నొక్కకు. సిరా వృథా. మీ బేకరీలో క్రీము గొట్టం మూతికి గడ్డ కడితే ఏం చేస్తావ్?"

"గోరువెచ్చటి నీళ్లలో నానబెడతా."

"అదే చెయ్యి."

ఆ పని ఆమె చేతికి అలవాటే. మెత్తటి గుడ్డని నాలుగు మడతలు పెట్టి, గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండి, మూత తీసి, హెడ్ కింద ఉంచింది. పావుగంట కూర్చుంది. గుడ్డ తీసి చూస్తే నల్లటి మరక — వేలెడంత. ఆ మరక చూసి ఆమెకి ఏడుపొచ్చింది. అంటే నలుపు ఉంది. లోపలే ఉంది. రానంటోంది, అంతే.

మళ్లీ పరీక్ష పేజీ తీస్తే సగం పళ్లు మొలిచాయి.

"బాగుంది" అన్నాడు తమ్ముడు. "ఇక మూడింటిదాకా ముట్టుకోకు. హెడ్ తన మూలకి వెళ్లి మూత పెట్టుకుని కూర్చుంటుంది. ఆ తడికి లోపలి గడ్డ కరుగుతుంది. మూడింటికి ఒక్క క్లీనింగ్, తర్వాత ప్రింటు. కానీ అక్కా, స్విచ్చు మాత్రం ఆపకు. అది కదులుతుండగా కరెంటు తీసేస్తే మూత పెట్టుకోలేదు. నోరు తెరుచుకుని ఉండిపోతుంది. తెల్లారేసరికి రాయి. రోజూ అలా ఆపేస్తున్నావా ఏంటి?"



"నేను ఆపనురా... పొద్దున్నే చూస్తే ఆపేసి ఉంటోంది."



"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

పిచ్చుకని ఆమె లెక్కలోకే తీసుకోలేదు. పిల్ల పడుకుందంటే పక్కన పిడుగు పడ్డా లేవదు. మోతలకి లేచే పిల్లయితే ఈ ఫారమే అక్కర్లేదు.

"అక్కా... నువ్వా గదిలోనే పడుకో" అన్నాడు తమ్ముడు. వాడి గొంతులోనూ ఏదో తేడా వచ్చింది.

పడుకుంది. బల్లకి ఎదురుగా నేల మీద చాప వేసుకుని, మూడింటికి అలారం పెట్టుకుని, లైటు తీసేసింది. వెలుతురులో నిద్ర పట్టదని కాదు. ఆ కుర్చీ కనపడకూడదని.

చీకట్లో పచ్చ చుక్క ఒక్కటే వెలుగుతోంది.

భయమా అంటే భయమే. కానీ భయం కన్నా పెద్దది ఇంకేదో గుండెల మీద కూర్చుని ఉంది. ఆరేళ్లుగా ఆమె ఆ పిల్లని వెనక నుంచి పిలుస్తూనే ఉంది. వినపడదని తెలిసీ పిలుస్తుంది. గిన్నెలు కిందపడేసి చూసింది, తలుపులు దబాలున వేసి చూసింది. ఒక్కసారి... ఒక్కసారి తల తిప్పితే చాలనుకునేది. రేపు ఎనిమిదిన్నర దాటితే ఆ ఆశ కూడా ఉండదు. లారీ జీతం, బేకరీ జీతం కలిపి జన్మంతా దాచినా ఆ ఆపరేషను వాళ్లకి అందే వస్తువు కాదు.

"తాతగారూ" అంది చీకట్లోకి, పెదాలు కదిపీ కదపకుండా. "ఈ ఒక్క రాత్రి నా జోలికి రాకండి. మీకు దణ్ణం పెడతా."

పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది.

ఒంటిగంటయింది. రెండయింది. కళ్లు మూతలు పడుతున్నాయి...

కర్ర్ర్...

ప్రింటరు తనంతట తనే లేచింది. టక్. టక్. తమ్ముడు చెప్పిన మొహం కడుక్కోవడమే అని మనసుకి తెలుసు. గుండెకి తెలియదుగా.

కర్ర్ర్... టక్...

అప్పుడు విన్నది — ఇంకో చప్పుడు. నేల మీద. మెత్తగా. అడుగు... అడుగు... అడుగు.

తల వెనక నుంచి వస్తోంది. తిరిగి చూడాలంటే మెడ తిరగడం లేదు. తెల్లటిది ఏదో ఆమె చాప పక్కనుంచే దాటుకుంటూ పోయింది. బల్ల దగ్గర ఆగింది. కుర్చీ కిర్రుమంది. గోడ మీదికి ఒక చెయ్యి పాకింది...

టిక్.

పచ్చ చుక్క ఆరిపోయింది. మోత మధ్యలో తెగిపోయింది.

అంతే, భయమంతా ఎటు పోయిందో తెలియదు. నలుపు పోయింది, పిల్ల జీవితం పోయింది అన్న ఒక్క మాటే బుర్రలో మిగిలింది. దెయ్యమో భూతమో, దాని పీక పిసికేద్దామన్నంత కసితో లేచి, చీకట్లో ఆ చేతిని ఒడిసి పట్టుకుంది.

చిన్న చెయ్యి. వెచ్చగా ఉంది.

లైటు వేస్తే, కుర్చీ మీద తెల్ల గౌనులో పిచ్చుక. కళ్లు చికిలిస్తూ నిలబడి ఉంది.

క్రీమక్క అక్కడే నేల మీద కూలబడింది. కోపం రావాలో, నవ్వాలో తెలియలేదు. ఎలా లేచావ్, అని చేతులతో అడిగింది. పిచ్చుక తల్లిని లోపలి గదికి లాక్కెళ్లి, మంచం ఆనుకున్న గోడకి అరచెయ్యి ఆనించి చూపించింది. ఆ గోడకి అవతలే ప్రింటరు బల్ల. అది కదిలితే గోడ వణుకుతుంది, మంచం వణుకుతుంది. పిల్ల చేతులతో అంది: 'అది రోజూ వణుకుతుంది. పాపం, చలి. నేను నిద్రపుచ్చుతా.'

ఇదన్నమాట, ఇన్నాళ్లుగా నలుపు తినేస్తున్న దెయ్యం! ఎవరి కోసం ఆ నలుపు కావాలో వాళ్లే, జాలిపడి, రోజూ దాని నోరు తెరిపించి ఎండబెట్టేశారు.

పిల్లని గుండెకి హత్తుకుని క్రీమక్క బావురుమంది. అది తిట్టాల్సిన తప్పు కాదు, అదే ఆమె ప్రాణం తోడేసింది.

స్విచ్చు వేసి, మళ్లీ క్లీనింగ్ పెట్టి, పరీక్ష పేజీ తీసింది. నల్ల గీత ఒక్కటి కూడా లేదు. టైం మూడున్నర.

తమ్ముడిని లేపింది. జరిగిందంతా విని వాడు తల పట్టుకున్నట్టున్నాడు.

"ఇక ఈ రాత్రికి నలుపు రాదక్కా."

"రాదనకురా. నీ కాళ్లు పట్టుకుంటా. రాదని మాత్రం అనకు."

అవతల మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు.

"ఉండు... రంగులు బాగానే పడుతున్నాయన్నావ్ కదా?"

"ఆ."

"ప్రింటు సెట్టింగుల్లోకి వెళ్లు. కాగితం రకం అని ఉంటుంది. మామూలు కాగితం తీసేసి, ఫోటో కాగితం అని పెట్టు. లోపల పెట్టేది మామూలు కాగితమే. కానీ ఫోటో అనుకుంటే అది నల్ల డబ్బా జోలికి పోదు. మూడు రంగులూ కలిపి నలుపు తనే చేసుకుంటుంది."

ఆమెకి ఠక్కున అర్థమైంది. బేకరీలో నల్ల క్రీము అయిపోతే తనూ ఎరుపూ నీలం పసుపూ కలిపి లాగించేస్తుంది. ఇంత చిన్న సంగతి తనకే ఎందుకు తట్టలేదో!

పెట్టింది. నొక్కింది. ప్రింటరు నత్తనడక నడిచింది. ఒక్కో గీతా, ఒక్కో గీతా... పిల్ల పేరు వచ్చింది.

నల్లగా.

నల్ల గడుల బొమ్మ వచ్చింది. అంచులు చెక్కినట్టు ఉన్నాయి. ఆరు పేజీలు అయ్యేసరికి నాలుగుంబావు. తడి ఆరేదాకా ఒక్కొక్కటీ చాప మీద పరిచి, ముట్టుకోవడానికి కూడా భయపడుతూ చూసుకుంది. తమ్ముడికి ఫొటో పంపితే వాడు, "చదువుతుందక్కా, కళ్లు మూసుకుని చదువుతుంది" అని పెట్టాడు.

ఇక బయల్దేరాలి. ప్రింటరుని దాని బొత్తాంతోనే ఆపింది. హెడ్ తన మూలకి వెళ్లి, మూత పెట్టుకుని, పడుకుంది. అయినా మనసాగక ప్లగ్గు కూడా గోడ నుంచి పీకేసింది. కాగితాలు కవర్లో పెట్టి, కవరు సంచిలో పెట్టింది. పిచ్చుక నేల మీద కూర్చుని బూట్లు వేసుకుంటోంది, మొహం గుమ్మం వైపు, వీపు బల్ల వైపు.

ఎక్కడా చప్పుడు లేదు. సందులో కుక్క కూడా మొరగడం లేదు. ఫ్యాను లేదు, గాలి లేదు. కదిలేది ఏదీ లేదు ఆ గదిలో... గోడా వణకలేదు, నేలా వణకలేదు.

పిచ్చుక తల తిప్పింది.

ఠక్కున. ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిప్పినట్టు. పుట్టిన ఈ ఆరేళ్లలో ఒక్కసారీ అలా తిప్పలేదు.

బల్ల ముందున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఏదో వింటున్నట్టు కాసేపు చూసింది. తర్వాత నవ్వి, పెద్దవాళ్లు అడిగినదానికి జవాబు చెప్పినట్టు, చేతులతో అంది: 'అమ్మతో ఆసుపత్రికి వెళ్తున్నా.'

క్రీమక్క చేతిలోంచి సంచి జారిపోయింది. పిల్లని చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తాలి. కాళ్లు అదే చెప్తున్నాయి. బస్సుకి టైమవుతోంది.

పరుగెత్తలేదు. మోకాళ్ల మీద కూలబడి, ఆ కుర్చీకి రెండు చేతులూ జోడించింది.

"తాతగారూ... ఇంకొక్కసారి పిలవండి."